టీ హోటలు బెంచీ

పెనుకొండకు వచ్చే చరిత్రకారులు ఏమి చూసి పోతారో మాకు తెలుసు. కోట గోడ, గగన్ మహల్, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా. 1565 తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికి మారింది కనుక రాళ్ళకు కొదవ లేదు. గోరంట్ల దాకా వస్తే మాధవరాయస్వామి గుడి స్తంభాలు చూస్తారు. చూడవలసినవే. కానీ ఆ దారిలో ఆగి టీ తాగిన హోటలును మాత్రం ఎవరూ చరిత్ర అనరు. రాజు కట్టించనిది, శాసనం లేనిది చరిత్ర ఎట్లా అవుతుంది? అందులోనూ సాయిబు టీ హోటలు.

హైదరాబాదు పోతే మాట మారుతుంది. అక్కడ ఇరానీ హోటలు వారసత్వ సంపద. ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి బొంబాయి, పూణెల మీదుగా వచ్చిన కుటుంబాలు పెట్టిన హోటళ్ళవి. ఆబిడ్స్ గ్రాండ్ హోటలు 1935 నాటిది. పత్తర్‌గట్టీలో మదీనా బిల్డింగు వక్ఫు ఆస్తి. దాని అద్దెలు మదీనాలోని బీదలకు పోవాలని కట్టించిన భవనం. దాని కింద బిరియానీ, చాయ్. ఆబిడ్స్‌లోనే ఓరియంట్ హోటల్ ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్, ఆయన తోటి కవులు, కమ్యూనిస్టులు అక్కడ కూర్చునేవారు. ఆ హోటలు ఇప్పుడు లేదు. నాలుగు రోడ్ల మూల దుకాణం వాస్తుకు మంచిది కాదని మిగతా వ్యాపారులు వదిలేస్తే ఇరానీలు తీసుకున్నారని చెబుతారు. నిజమెంతో గానీ మూల మీద ఇరానీ హోటలు చాలాచోట్ల కనిపించిన మాట నిజం.

అయితే ఇరానీ చాయ్ ఇరాన్‌ది కాదు. అక్కడ పాలు పోయని టీ తాగుతారు, చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకొని. డికాక్షన్ మూత బిగించి దమ్ మీద ఉంచడం, పాలు వేరేగా చిక్కగా మరగబెట్టి కప్పులో కలపడం, 'పౌనా' అని అడగడం, ఇదంతా దక్కను చేతి పని. ఆకు అస్సాంది, పాలు మన బర్రెలవి. పేరు మాత్రం పరదేశానిది. పేరు చూసి పరాయి అనేవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? పెనుకొండ బాబయ్యను, అంటే బాబా ఫక్రుద్దీన్ను, సీస్తాన్ రాజ్యం వదులుకొని వచ్చిన ఫకీరని, తిరుచిరాపల్లి నథర్ వలీ శిష్యుడని చెప్పుకుంటారు. ఆ లెక్కన ఇరానీ చాయ్ రాకముందే ఇరానీ బాబా వచ్చాడు. ఆయన్ను మా జిల్లా రైతులు పరాయి అనలేదు, బాబయ్య అని పిలుచుకున్నారు.

హైదరాబాదు కథ చెప్పి మా కథ కూడా చెప్పేశామనుకుంటే పొరపాటు. ముస్లిం అనగానే నిజాం గుర్తొస్తాడు చాలామందికి. మా సీమను నిజాం 1800లోనే కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్నారు. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాలలో రాయలసీమ అని పెట్టుకున్నారు. మా తాతలు నూటయాభై ఏళ్ళు బతికింది మద్రాసు రాజధానిలో. నిజాం కొలువూ తెలియదు, ఓరియంట్ హోటలూ తెలియదు. వాళ్ళకు తెలిసింది కాఫీ హోటలు గుమ్మం.

మద్రాసు రాజధానిలో కాఫీ, టీ రెండూ ఒకే మర్యాద గల వస్తువులు కావు. కాఫీ ఉద్యోగస్తులది, అగ్రహారానిది. బ్రాహ్మణ హోటల్ అని బోర్డు పెట్టుకునేవారు, లోపల కూర్చునే చోటుకూ కులం ఉండేది. బోర్డు మీద ఆ మాట తీసెయ్యాలని పెరియార్ 1957లో మద్రాసులో ఉద్యమమే నడపవలసి వచ్చింది. అప్పటికే రాజ్యాంగం పదిహేనో అధికరణంలో హోటళ్ళలోకి ఎవరినీ రానివ్వకుండా ఆపరాదని రాసి ఏడేళ్ళు గడిచాయి. టీ మాత్రం కూలీది, బండి తోలేవాడిది, మిల్లు పనివాడిది. 1930ల్లో టీ కంపెనీల ప్రచారం బండ్లు ఊళ్ళు తిరిగి ఉచితంగా పోసి అలవాటు చేశాయి. అలవాటైన దాన్ని గ్లాసులో పోసి అమ్మిన వాళ్ళలో మావాళ్ళు చాలామంది. రైల్వే స్టేషన్లలో హిందూ చాయ్, ముస్లిం చాయ్ అని కేకలు పెట్టిన కాలం కూడా అదే. గుంతకల్లు నుంచి బెంగుళూరు పోయే బండి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పోతుంది. నీళ్ళకు కూడా మతం ఉన్న ఆ రోజుల్లో ఆ దారిన పోయిన వాళ్ళు మా పెద్దలు.

మా ప్రాంతపు సాయిబు టీ హోటలుకు ప్రత్యేకంగా భవనం ఉండదు. పాత మిద్దె ఇంటి ముందర గది హోటలు, వెనక గది సంసారం. ముందర రెండు బెంచీలు, బన్నుల సీసా, మసిబారిన గోడ, దాని మీద మక్కా పటం. వెనక పొయ్యి దగ్గర ఇంటావిడ సమోసాలు చుడుతుంటుంది. పిండి ఆమె కలుపుతుంది, ఉల్లిపాయలు ఆమె తరుగుతుంది, అప్పు ఎవరికి ఎంత ఉందో నోటి లెక్క ఆమెకే తెలుసు. బోర్డు మీద పేరు భర్తది, ఆ తర్వాత కొడుకుది. ఆమె ఆ బెంచీ మీద ఒక్కనాడూ కూర్చుని టీ తాగదు. తెహజీబ్ గురించి గొప్పగా రాసే మా ఉర్దూ పత్రికల్లో ఈ మాట కనిపించడం అరుదు.

ఇంకో మాట. రెండు గ్లాసుల పద్ధతి హిందూ హోటళ్ళదే, మా హోటళ్ళు దానికి అతీతమని మేము గొప్పలు చెప్పుకోము. మస్జిద్‌లో ఒకే వరసలో నిలబడ్డవాళ్ళం బయటికి వచ్చాక సయ్యదు, పఠాను, దూదేకుల అని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల వాడు ఎంతమాత్రం ముసల్మాన్ అని అడిగేవాళ్ళు మాలోనే ఉన్నారు. 2007లో వెనకబడిన ముస్లింలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు షేకులను చేర్చి సయ్యదులను, పఠాన్లను, అరబ్బులను, ఇరానీలను మినహాయించారు. దూదేకుల అంతకు ముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. కోర్టు వ్యాజ్యాలు వేరే సంగతి. ముస్లింలు అంటే ఒకే ముద్ద అనుకునేవారు ఆ జాబితా ఒకసారి చదవాలి. హోటలు యజమాని ఇరానీ, గ్లాసులు కడిగేవాడు షేక్. చాయ్ ఒకటే.

తారుమారైన కథలూ ఉన్నాయి. హైదరాబాదులో 1978లో మొదలైన కేఫ్ నీలోఫర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి అందులోనే పనికి కుదిరిన బాబూరావు చేతికి 1990ల్లో వచ్చింది. ఇరానీ చాయ్ అక్కడ ఇరానీ చాయ్‌గానే నిలిచింది. చెయ్యి మారితే రుచి అపవిత్రం కాలేదు.

మా బెంచీ మీద మూడు భాషలు నడుస్తాయి. హిందూపురం సంతకు వచ్చిన పావగడ మనిషి కన్నడం, కదిరి దారి రైతు తెలుగు, గల్లా దగ్గర దక్కనీ. మా దక్కనీలో 'నక్కో' వినగానే లక్నో వాళ్ళు నవ్వుతారు. మా తెలుగు వినగానే తురక తెలుగని ఇక్కడివాళ్ళు నవ్వుతారు. రెండు నవ్వులకూ మధ్య కూర్చునే మేము రెండు భాషల్లో వార్తలు రాస్తున్నాం.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ నడక మొదలైంది. కొరియావాళ్ళు వచ్చారు, వాళ్ళ తిండి హోటళ్ళు వచ్చాయి, బోర్డుల మీద వాళ్ళ లిపి వచ్చింది. మంచిదే, దూరం నుంచి వచ్చినవాడికి తన అక్షరం కనబడాలి. ఆ బోర్డులు చూసి ఇది ఏ దేశం అని ఎవరూ అడగలేదు. ఉర్దూను 2022లో ఆంధ్రప్రదేశ్ రెండో అధికార భాష చేసింది. చాయ్ అని ఉర్దూలో రాయడానికి మూడక్షరాలు చాలు: చే, అలిఫ్, యే. కొత్తగా టీ అంగడి పెట్టుకునే మా పిల్లలు బోర్డు రాయించేటప్పుడు, ఆ మూడక్షరాలు ఉంటే బేరం తగ్గుతుందేమోనని పెయింటరును కాసేపు ఆగమంటున్నారు.