బస్తర్ బ్యాండ్: పాత వాద్యాలు, మారుతున్న ధ్వని

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఆదివాసీ వాద్యాలను ఒకే వేదికపైకి తెచ్చిన కళాబృందం బస్తర్ బ్యాండ్. హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌లో పనిచేసిన రంగస్థల కళాకారుడు అనూప్ రంజన్ పాండే దీని వ్యవస్థాపకులు. అరుదైన వాద్యాలను సేకరించిన ఆయనకు 2019లో పద్మశ్రీ లభించింది.

ఆ వాద్యాల్లో ధన్‌కుల్ విలక్షణమైనది. కుండ మూతిపై చేటను బోర్లించి, దానిపై వింటి కొసను ఆనించి, వింటికున్న గాట్లపై చీల్చిన వెదురుపుల్లతో గీరుతారు. జగార్ గాథలను హల్బీలో ఆలపించే గురుమాయిలు దీనిని వాయిస్తారు. ఇంట్లోని కుండ, చేటలతోనే రాత్రుల తరబడి గాథ సాగడం విశేషం. గౌర్ నృత్యంలోనైతే లోహానిదే స్వరం: అడవిదున్న కొమ్ములు ధరించిన మాడియా పురుషులు డోళ్లు మోగిస్తుండగా, యువతులు మువ్వలు కట్టిన ఇనుప కర్రలతో నేలను తాడిస్తారు.

పాత ఆల్బమా, కొత్త ధ్వనా అని హెవీ మెటల్ అభిమానులు వాదించుకునే ప్రశ్న ఇక్కడా తప్పదు. జగార్‌ను గంట ప్రదర్శనకు కుదిస్తే నాదం మిగులుతుంది, గాథ జారిపోతుంది. అయితే వేదికే లేకుంటే ఆ నాదమూ ఊరి పొలిమేర దాటి వినిపించదు.

సరిహద్దుకు ఇవతల, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, సమ్మక్క-సారలమ్మ గాథలను డోలు వాయిస్తూ పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన 2024లో కన్నుమూశారు.