లైట్లు వేసి సెల్ఫ్ కొట్టు

కుంపటి దగ్గరికి జరగరా మనవడా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదు.

పొద్దున మీ నాన్న కారు సెల్ఫ్ ఎత్తకపోతే, బానెట్టయినా తెరవకుండా “బ్యాటరీ పోయింది తాతయ్యా” అని తేల్చేశావు చూడు, మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయనకో అంబాసిడర్ ఉండేది. 1957లో మొదలై 2014 దాకా తయారైన బండి అది. మా ఊరికంతటికీ అదొక్కటే కారు. పెళ్ళికైనా, పురిటికైనా అదే వెళ్ళాలి. అడిగితే కాదనేవాడు కాదు. వాడుకున్నవాళ్ళు పెట్రోలు పోయించి, డ్రైవరుకు కడుపునిండా అన్నం పెట్టి, డిక్కీలో ఓ అరటిగెల వేసి పంపేవారు. ఆ గెలల కోసం మేం పడ్డ కొట్లాటలు చెబితే తెల్లారిపోతుంది. కారు సంగతికొద్దాం.

ఆ సెల్ఫ్ ఒకరోజు ఎత్తేది, ఒకరోజు టిక్కుమని ఊరుకునేది. అప్పుడు ముందు కన్నంలో ఇనుప హేండిల్ దూర్చి తిప్పాలి. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, ఇంజను ఎదురు తన్నిందంటే చెయ్యి విరుగుతుంది. పెదనాన్న కొత్త బ్యాటరీ కొన్నాడు. వారం తిరక్కుండా, మా అత్తయ్య పెళ్ళికి బయల్దేరబోతే మళ్ళీ టిక్కు! ఆ బండితో పెళ్ళికెళ్ళడమంటే పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమే. తోసి స్టార్టు చేసి, ఇంజను ఆపకుండా బెజవాడ ఆటోనగర్ చేర్చారు.

ముసలి మేస్త్రి పానా ముట్టుకోలేదు. “లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి బాబూ” అన్నాడు. వెలుగు గుడ్డిదైపోతే బ్యాటరీలో సత్తువ లేనట్టు, లేదా సెల్ఫ్ మోటారు బిగుసుకున్నట్టు. వెలుగు తగ్గకపోతే మోటారుకు కరెంటే పారట్లేదన్నమాట. మా లైట్లు చెక్కుచెదరలేదు. టెర్మినళ్ళు, ఎర్త్ తీగ చూశాడు, బాగానే ఉన్నాయి. పానా పిడితో మోటారు ఒంటిమీద మెల్లగా రెండు దెబ్బలేసి “ఇప్పుడు కొట్టండి” అన్నాడు. గిర్రున తిరిగింది!

విప్పితే, మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి గోరంతయ్యాయి. స్ప్రింగు ఇక వాటిని నొక్కలేకపోతోంది. అవి రాసుకుంటూ తిరిగే రాగి కమ్యుటేటరు మసిబారింది. దాన్ని సన్నటి గరుకు కాగితంతో రుద్దాడు. ఎమరీ కాగితం వద్దన్నాడు, ఆ పొడి కరెంటును పారనిస్తుందట. ఇంజనుకు తగులుకునే పళ్ళచక్రాన్ని జరిపే బెండిక్స్‌ను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాడు, గ్రీజు పెడితే దుమ్ము పట్టి పళ్ళచక్రం ఇరుక్కుంటుందని. కొత్త బ్యాటరీ కొన్నది దండగే, చివరికి కొత్త బ్రష్షులతో పని తీరింది. తాళికట్టు వేళకి మండపంలో ఉన్నాం.

బయట చీకటిగా ఉంది, వెలుగు బాగా తెలుస్తుంది, లేవరా. మీ నాన్న కారు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, లైట్లు వేసి సెల్ఫ్ కొట్టు. పది సెకన్లకు మించి పట్టుకోకు. నేను గోడ వారగా నిలబడి వెలుగు చూస్తాను.