వణుకునకు విరుగుడు

ఉయ్యాల నూపు తల్లికి బలముతో పని లేదు. వేళ తప్పక చేయి వేసిన చాలును, ఊపు దానంతట నదియే పెరుగును. వంతెనకే గాని మేడకే గాని ప్రతి కట్టడమునకును ఇట్టి సహజమైన లయ యొకటి కలదు. వెలుపలి తాకుడు ఆ లయతో కలిసినచో స్వల్పబలమే మహోపద్రవమగును. దీనిని శాస్త్రజ్ఞులు అనునాదమందురు.

1831లో ఇంగ్లాండునందు మాంచెస్టరు చేరువనున్న బ్రౌటన్ వంతెన, అడుగులు కలిపి నడచు సైనికుల క్రింద కూలెను. వంతెనలపై అడుగులు కలుపరాదని అప్పటినుండి సేనలకు ఆజ్ఞ పుట్టెను. అయినను 1850లో ఫ్రాన్సునందలి ఆంజే నగరమున, గాలివాన వేళ దాటుచున్న పటాలముతో సహా వంతెన నదిలో కూలి 200 మందికి పైగా మరణించిరి. వారికిని ఆ హెచ్చరిక చేసియే యుండిరట! ఊగుచున్న వంతెనపై కాలు నిలదొక్కుకొనువాడు తెలియకయే ఆ ఊపునకు లోబడును గదా. తుప్పు పట్టిన తీగలును ఆ యపరాధమున పాలు పంచుకొన్నవి. ఆజ్ఞలు చాలవు, మందు కట్టడమునకే వేయవలెను.

ఆ మందు ఓడలు కట్టువాని చేతికి చిక్కెను. హాంబర్గులోని బ్లోమ్ ఉన్డ్ ఫోస్ ఓడల కర్మాగారమున పనిచేసిన హెర్మన్ ఫ్రామ్ 1909లో ఒక ఉపాయమునకు పేటెంటు కోరెను. వణకు వస్తువును గట్టిపఱచుటకు మాఱుగా, ఆతడు దానికొక చిన్న బరువును స్ప్రింగుతో తగిలించెను. దాని లయను తాకుడు లయకు సరిపఱచినచో చిన్న బరువు తాను విపరీతముగా నూగుచు, తాకుడునకు ఎదురు బలము చూపును. పెద్ద వస్తువు నిలుకడగా నుండును. కాని ఇందొక లోపము కలదు. యంత్రవేగము కొంచెము మాఱెనా, పాత ఆపదకు బదులు అటు నిటు రెండు క్రొత్త ఆపదలు పుట్టును.

ఆ లోపమును 1928లో అమెరికాలో ఓర్మన్‌డ్రాయిడ్, డెన్ హార్టోగ్ అను నిరువురు సరిచేసిరి. స్ప్రింగుతో పాటు ఘర్షణయు నుండవలెననిరి. ఘర్షణ తక్కువైన ఆ రెండాపదలును తప్పవు. మితిమీఱిన చిన్న బరువు పెద్దదానికి అతుకుకొని నిరుపయోగమగును. ఎంత ఘర్షణ తగునో గణితముచే నిర్ణయించుట వారి ఘనత. నా మట్టుకు ఫ్రామ్ కల్పనకంటె ఇదియే గొప్పదని తోచును.

శ్రోతలు పొలముల మీదుగా పోవు పెద్ద విద్యుత్తు తీగలను ఒకసారి పరికింపుడు. స్తంభముల దాపున తీగ క్రింద చిన్న కావడి వలె రెండు బరువులు వ్రేలాడుచుండును. సన్నగాలికి తీగ వణకి వణకి తెగిపోకుండ అమెరికాలో స్టాక్‌బ్రిడ్జి 1920 ప్రాంతపు దశాబ్దమున కల్పించిన సాధనమది.

మేడలకు ఈ విద్య ఆలస్యముగా వచ్చెను. 1977లో న్యూయార్కున పూర్తియైన 59 అంతస్తుల సిటీకార్ప్ భవనపు శిఖరమున, నూనె పొరపై తేలు 400 టన్నుల కాంక్రీటు దిమ్మెను అమర్చిరి. మేడలోనివారికి ఊపు తెలియకుండుటకే దాని నుంచిరి. మఱుసటి యేడు ఆ భవనమునకు లెక్కలు కట్టిన లెమెజూరియర్ అను ఇంజనీరు, అతుకులు మూలగాలికి చాలవని కనుగొనెను. తుపానులో విద్యుత్తు నిలిచి దిమ్మె ఆగిపోయినచో, భవనమును కూల్చగల గాలి సగటున 16 ఏండ్లకొక పర్యాయము వచ్చునని ఆతని లెక్క. అతుకులపై ఉక్కు పలకలను రాత్రులయందు అతికించిరి. ఆ పని ముగియుదాక దిమ్మె ఆగకుండ వేఱుగా విద్యుత్తు ఏర్పాటు చేసిరి. ఆ భవనము చుట్టు నివసించు జనులకు ఈ సంగతి 1995 వఱకు తెలియనే లేదు.