గోనెసంచిమీది అక్షరము

ప్యాకేజింగు రూపకల్పన నభ్యసించు విద్యార్థి నగరపు అంగళ్లలోని మెరుగు పెట్టెలనే చూచుచుండును గాని, 1941లో వెలగపూడి రామకృష్ణగారు సహకార చక్కెర కర్మాగారమును గైకొని కె.సి.పి. సంస్థకు పునాది వేసిన ఉయ్యూరునకు వచ్చి, గోనెసంచి నొకపరి పరికించుట మేలు. మిల్లుపేరు, తరగతి, తూకము రేకు అచ్చుతో అద్దుట చక్కెర మిల్లుల వాడుక. ఆ రేకున ‘ఉయ్యూరు’ అని కోయబూనినచో ‘ర’కారపు గర్భము ఊడిపడును; అది నిలుచుటకు సన్నని వారధి విడువవలెను. గోనెనేత ముతకదగుటచే సిరా పాకి సన్నగీతలు చెరిగిపోవును గనుక, అక్షరము లావుగా నుండక తప్పదు. ఏ కళాశాలయు ఇంతకంటె కఠినముగా బోధింపదు!

సీసా విద్యకును ఈ సీమవాడే ఆచార్యుడు. ఎలకుర్రున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును నెలకొల్పి, చిన్న సీసాలను సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి, ఆ పసుపువన్నె లేపనమును ఇంటింటికి పరిచయము గావించిరి. ఆ లాభముతోనే 1908లో ఆంధ్రపత్రికను వెలయించిరి. ప్రచారకళలో వారికి సాటి అరుదు.

పిదప గోనెసంచికి పోటీగా ప్లాస్టిక్కు సంచి వచ్చెను. జనపనారను కాపాడుటకై 1987లో కేంద్రము చట్టము చేసి, కొన్ని సరకులను గోనెలోనే నింపవలెనని విధించినది. నాడు చక్కెరయు వానిలో నొకటి.