ఫతే మైదాన్ నాటి సీజన్లు

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో. అక్కడ ఫుట్‌బాల్ సీజన్ మొదలైందంటే శనివారాలు ఊరంతా స్టేడియం దారి పడుతుందట. లక్ష మందికి పైగా పట్టే కైల్ ఫీల్డ్‌లో ఆట అయ్యేదాకా విద్యార్థులు కూర్చోరు. 1922 జనవరిలో డల్లాస్‌లో ఓ మ్యాచ్‌లో ఆటగాళ్లు దెబ్బలు తగిలి ఒక్కొక్కరే బయటికొస్తుంటే, కింగ్ గిల్ అనే విద్యార్థి జెర్సీ తొడుక్కుని, పిలిస్తే దిగుదామని చివరిదాకా గీత పక్కన నిలబడ్డాడు. దిగే అవసరం రాలేదు, జట్టు గెలిచింది. ఆ కుర్రాడి గుర్తుగానే వీళ్లూ ఇప్పటికీ నిలబడతారు. "మామా, మన హైదరాబాద్‌లో ఇట్లాంటి సీజన్ ఎప్పుడన్నా ఉండెనా?" అని మొన్న ఫోన్‌లో అడిగాడు.

ఉండె. రాయదుర్గంలో పుట్టి, పీఈటీగా పిల్లల్ని ఆడించి రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోవడం నాకు చేతకాదు.

వాళ్ల ఆట మన ఆట ఒకటి కాదంటారు గానీ, మొదట్లో పెద్ద తేడా లేదు. 1869 నవంబర్ 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన తొలి మ్యాచ్‌లో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడం లేదు. జట్టుకు 25 మంది, గుండ్రని బంతి, రట్గర్స్ 6-4తో గెలిచింది. తర్వాత వాళ్లు చేతుల దారి పట్టారు, మనం కాళ్ల దారిలోనే ఉండిపోయాం.

మన కథ కూడా కాలేజీ జట్టుతోనే మొదలవుతుంది. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు. చదువయ్యాక బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, 1963లో చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది.

అప్పట్లో సీజన్ అంటే టోర్నమెంట్లే. బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు. యుద్ధం వల్ల ఆగిపోయిన డ్యూరాండ్‌ను 1950లో మళ్లీ మొదలుపెట్టారు. ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పు పట్టుకొచ్చింది మన పోలీసులే. అదే ఏడు రోవర్స్ కూడా గెలిచారు. ఆ రోవర్స్ కప్పును 1954 దాకా, వరసగా ఐదేళ్లు, ఇంకెవరికీ ఇవ్వలేదు. డ్యూరాండ్ 1954లోనూ 1957లోనూ మళ్లీ వచ్చింది. హైదరాబాద్‌ను దేశంలో కలిపిన పోలీసు చర్య జరిగి రెండేళ్లే అయిన 1950లో, ఇంకా గాయాలు మానని ఊరికి ఆ కప్పులు ఎంత ధైర్యమిచ్చి ఉంటాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

మా నాయిన రాయదుర్గం నుంచి సైకిల్‌కు పాలక్యాన్లు కట్టుకుని ఆబిడ్స్ దాకా పోయేవాడు. పాలు పోసి, ఖాళీ క్యాన్లతోనే ఫతే మైదాన్ గోడ పక్కన నిలబడి మన పోలీసు జట్టు ఆట చూసేవాడు. "బంతి ఒక్కని కాళ్లకాడ నిలబడకపోయేదిరా" అనేవాడు, చెయ్యి అటూ ఇటూ ఆడించి చూపిస్తూ. ఆయన ఏం చూశాడో నేను కోచింగ్ నేర్చుకున్నాక గానీ అర్థం కాలేదు.

రహీం సాబ్ ఊళ్లో వింత పోటీలు పెట్టించేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటమున్నవాడు ఎడమ కాలితోనే బంతి ఆపాలి, ఎడమ కాలితోనే కొట్టాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, పిల్లలు ఉడుక్కుంటారు. కొన్నాళ్లకు తలెత్తి పక్కవాణ్ణి చూడటం అలవాటవుతుంది. బంతి అందేలోపే ఎవరికివ్వాలో తెలిసిపోతుంది. కప్పులన్నీ ఈ గల్లీ పోటీల్లోంచి మొలిచాయని నా నమ్మకం. ఒక మంచి జట్టును ఎక్కడైనా పోగెయ్యొచ్చు, పదేళ్లపాటు జట్టు వెనక జట్టును తయారుచేయడానికి మాత్రం బడిపంతులే కావాలి.

సికింద్రాబాద్ అవతల అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం అట్లా దొరికినవాడే. సిటీకి రావడానికి చేతిలో పైసల్లేవంటే, సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారని చెబుతారు. ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. అక్కడ మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు, యూసుఫ్ ఖాన్‌తో పాటు. కోచ్‌గా ఆ జట్టును నడిపించేనాటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టేసింది. 1963 జూన్ 11న పోయారు.

ఆ తర్వాతా ఆటగాళ్లు పుట్టారు. నయీముద్దీన్, హబీబ్ లాంటివాళ్లు. కానీ పేరూ బతుకుతెరువూ కలకత్తా క్లబ్బుల్లో ఉన్నాయి, అక్కడికే పోయారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టినప్పుడు హబీబ్ వేసుకున్నది మోహన్ బగాన్ జెర్సీ.

ఇక మా రాయదుర్గం. పాయెగా, నవఖల్సా, పన్మక్తా అని కాగితాల్లో మూడు ముక్కలుగా రాసే ఊరు. రాళ్లగుట్టలు, మేకలు, సీతాఫలం చెట్లు. 1998లో పక్కనే సైబర్ టవర్స్ లేచింది. 2002 జాతీయ క్రీడల నాటికి గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం సిద్ధమైంది. 2019లో మెట్రోతో పాటు, ఆ స్టేడియమే సొంత మైదానంగా హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు కూడా గెలిచింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలో జరిగింది, మా పిల్లలు టీవీలోనే చూశారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పోతుంటే ఆపడానికి ఊళ్లో దాని వేరు ఎక్కడుంది? ఏ బడి పిల్లలు అందులోకి ఎదిగారు?

ఇప్పుడు మా దగ్గర టర్ఫ్‌లకు కొదవ లేదు. రాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్లు ఐదుగురు ఐదుగురుగా ఆడుతుంటారు. అందరూ కుడికాలే. టర్ఫ్ యజమానితో మాట్లాడి, ఈ చలికాలం బడి పిల్లలనూ కంపెనీ కుర్రాళ్లనూ కలిపి రహీం సాబ్ పోటీ పెట్టబోతున్నాను. ప్రతి జట్టులో ఇద్దరు పదిహేనేళ్ల లోపువాళ్లు ఉండాలి. వాటమైన కాలికి ఎర్ర మేజోడు వేసుకోవాలి. దాంతో కొట్టిన గోల్ లెక్కలోకి రాదు, బంతి అవతలి జట్టుకు పోతుంది.