తూర్పు హైదరాబాద్ వాన దారి

డెన్మార్క్‌లో ఏడాదికి సగటున 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లోనూ పెద్ద తేడా లేదు, 800 పైచిలుకు. కానీ అక్కడ పన్నెండు నెలలూ ఎంతో కొంత కురుస్తూనే ఉంటుంది. ఇక్కడ మృగశిర కార్తెతో ఎదురుచూపు మొదలై, నాలుగింట మూడు వంతుల వాన సెప్టెంబరు ముగిసేలోపే పడిపోతుంది. మిగతా ఏడాదంతా దాచుకున్న నీళ్లతోనే గడవాలి. అందుకే ఈ నేల మీద ఇన్ని చెరువులు.

తూర్పు హైదరాబాద్‌లోని మన్సూరాబాద్ పెద్ద చెరువు వాటిలో ఒకటి. ఈ వైపు నేల మూసీ నది దిక్కు వాలుగా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో ఇలాంటి వాలునే నమ్ముకుని చెరువులను గొలుసుకట్టుగా తవ్వారు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువ పట్టి కింది చెరువు చేరేవి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో చూసే బాధ్యత నీరటిది. ఊరి వాన లెక్క అతని కళ్లలో ఉండేది. ఈ ఏర్పాటు పాతది: పక్కనున్న సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. నగరాన్ని కాపాడిన గొప్ప కట్టడాలవి. అయితే రెండూ పడమటనే ఉన్నాయి. తూర్పున పడిన వానను పట్టుకోవాల్సింది ఈ చిన్న చెరువులే.

పొలాలు ప్లాట్లయ్యాక నీరటి పని పోయింది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లోకి ఇళ్లు వచ్చాయి, కాలువలు ఇరుకు నాలాలయ్యాయి.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా కదిలింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పడి, అక్టోబరు నెలకు శతాబ్దపు రికార్డు బద్దలైంది. హయత్‌నగర్ వైపు అంతకన్నా చాలా ఎక్కువ కురిసింది. ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి చేరి, జనం మేడలెక్కారు. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి.

2021లో నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ నాలాల విస్తరణకు ప్రత్యేక పథకం మొదలుపెట్టింది. అది అత్యవసరమే. కానీ వెడల్పు చేసిన నాలా నీటిని కింది కాలనీకి వేగంగా పంపుతుంది తప్ప నిలపదు. నిలపాలంటే మిగిలిన శిఖాన్నైనా చెరువుకే వదలాలి, మత్తడి నుంచి కింది చెరువు దాకా కాలువ తెరిచి ఉంచాలి.