వాచిన చేతిలో పుట్టే కాన్సర్

రొమ్ము కాన్సర్ నుంచి బయటపడి పదేళ్లయిన మనిషికి, ఆపరేషన్ అయిన వైపు ఏళ్లుగా వాచి ఉన్న చేతి మీద కమిలినట్టు ఊదారంగు మచ్చ వస్తుంది. దెబ్బేమీ తగిలి ఉండదు. మచ్చ పాకి, బొడిపెలు లేచి, పుండుపడి నెత్తురు కారుతుంది. పాత కాన్సరే తిరగబెట్టిందని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. 1948లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఫ్రెడ్ స్టూవర్ట్, నార్మన్ ట్రీవ్స్ ఆరుగురు రోగుల వివరాలు ప్రకటించి, ఇది నాళాల గోడల్లో పుట్టే వేరే కాన్సర్ అని తేల్చారు. అప్పటి నుంచి ఇది వారి పేర్లతోనే చలామణిలో ఉంది.

అంతకుముందు ఆనవాళ్లు లేకపోలేదు. గాయం వల్ల ఏళ్ల తరబడి వాచిన చేతిలో ఇలాంటి కణితిని 1906లో లోవెన్‌స్టీన్, పుట్టుకతో వచ్చిన వాపులో 1918లో కెటిల్ గమనించారు. కానీ ఇలా వాచిన చేతులు పెద్ద సంఖ్యలో కనిపించడం మొదలైంది రొమ్ము కాన్సర్‌కు శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఆపరేషన్ వ్యాపించాకే. 1894లో ఆయన వివరించిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనూ, చంకలోని లింఫు గ్రంథులనూ కలిపి తీసేసేవారు. ప్రాణం నిలిచేది, లింఫు ద్రవం పోయే దారి మాత్రం మూసుకుపోయి చెయ్యి వాచేది. ఈ కొత్త కాన్సర్ బయటపడడానికి సాధారణంగా సుమారు పదేళ్లు పడుతుంది కనుక, అన్నేళ్లు బతికినవారిలోనే అది కనిపించింది. అంటే చికిత్స సాధించిన గెలుపు వెంటే ఈ జబ్బూ వచ్చింది.

కారణం మీద ఆలోచన మెల్లగా మారింది. ఒంట్లోనే కాన్సర్‌ను పుట్టించే గుణం ఏదో ఉందని స్టూవర్ట్, ట్రీవ్స్ అనుమానించారు. 1970ల చివరికి చూపు చేతి మీదికి మళ్లింది. లింఫు కదలక నిలిచిపోతే రోగనిరోధక కణాల రాకపోకలు దెబ్బతింటాయి, ఆ భాగంలో కాపలా సన్నగిల్లుతుంది. మొదట లింఫు నాళాలకే అంటగట్టిన కణితిలో రక్తనాళాల లక్షణాలూ కనిపించడంతో, దాన్ని ఆంజియోసార్కోమా (నాళాల కాన్సర్) అనడం స్థిరపడింది. 2010 నాటికి ఇలాంటి కణితుల్లో కణాల పెరుగుదలను నడిపే ‘మిక్’ జన్యువు ప్రతులు అమితంగా పెరిగి ఉంటాయని తెలిసింది.

ఈలోగా కత్తి కోత తగ్గింది. ఛాతీ కండరాన్ని మిగిల్చే ఆపరేషన్‌ను లండన్‌లో శస్త్రవైద్యుడు పేటీ వివరించింది కూడా 1948లోనే. 1990లలో ముందుగా చంకలోని ఒకటి రెండు గ్రంథులనే పరీక్షించే పద్ధతి వచ్చింది. దాంతో చాలామందికి చంకంతా ఖాళీ చేయాల్సిన అవసరం తప్పింది, చేతి వాపులూ తగ్గాయి. ఆపరేషన్ తర్వాత అయిదేళ్లు దాటినవారిలో పాత లెక్కల ప్రకారమే అర శాతానికి మించని ఈ జబ్బు మరింత అరుదైంది.

అయితే వాపుకు ఆపరేషన్ ఒక్కటే కారణం కాదు. మన గోదావరి జిల్లాలకు బాగా తెలిసిన బోదకాలులోనూ ఇది ఎక్కడో ఒకరికి వచ్చిన దాఖలాలున్నాయి. ముదిరితే చెయ్యో కాలో తీసేసినా బతికేది తరచుగా రెండు మూడేళ్లే. అందుకే ఏళ్లుగా వాచి ఉన్న చేతి మీదో కాలి మీదో దెబ్బ తగలకుండా వచ్చిన కమిలినట్టున్న మచ్చ మానకపోతే, వెంటనే చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి.